పుకారుకు పన్నెండు రూపాయలు: అనంతపురంలో ఓ టీ కొట్టు

టీ కోసమే అయితే మీరు ఇంత దూరం రానక్కర్లేదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. సప్తగిరి సర్కిల్ నుంచి సుభాష్ రోడ్డు పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఇంతకంటే మంచి టీ కనీసం మూడు చోట్ల దొరుకుతుంది. ఈ కొట్టులో అల్లం ఒకరోజు గొంతు మండిస్తుంది, ఇంకోరోజు వేశారో లేదో కూడా తెలీదు. చక్కెర మాత్రం రోజూ ఒకటే కొలత, అంటే ఎక్కువ. నేను మెడికల్ రెప్‌ని. డాక్టర్ల గదుల ముందు బెంచీల మీద రోజుకు మూడు గంటలు గడిపేవాణ్ణి కాబట్టి ఏ సందులో టీ ఎట్లుంటుందో నా నాలుకకు బాగానే తెలుసు. అయినా సాయంత్రం ఏడయ్యేసరికి నా బండి ఆ సందులోకే తిరుగుతుంది. ఉగ్గాని కోసం కొంత, కొట్టు మామ దగ్గరున్న, ఫుట్‌బాల్ పుకార్లు రాసే ఎర్ర అట్ట పుస్తకం కోసం మిగతా అంతా.

కొట్టుకు బోర్డు లేదు. మామ కొట్టు అంటే ఎవరైనా చూపిస్తారు. బయట వేపచెట్టు కింద రెండు సిమెంటు బల్లలు, లోపల ఆరు ప్లాస్టిక్ స్టూళ్లు. అందులో ఒకదానికి కాలు వంకర, కొత్తగా వచ్చినవాళ్లకు ఎప్పుడూ అదే మిగులుతుంది. గోడకు ఒక టీవీ. టీ 12 రూపాయలు, బై టూ చెబితే మొహం చిట్లించకుండా రెండు గ్లాసుల్లో పోస్తారు. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి 40.

ఉగ్గాని గురించి రెండు మాటలు. మనవైపు అది పొద్దుటి టిఫిను. ఇక్కడ సాయంత్రం కూడా చేస్తారు, చేసేది అత్త. బొరుగులను బకెట్ నీళ్లలో ఒక్క ముంచు ముంచి, రెండు అరచేతుల మధ్య పెట్టి పిండుతుంది. నీళ్లు కారిపోవాల, బొరుగు మాత్రం చితకగూడదు. ఎంత సేపు నాననివ్వాలని అడిగితే, "నానేదాకా ఉంటే అది ముద్దయితాది నాయనా, తడిస్తే సాలు" అంది. అటుపక్క బాణలిలో తిరగవాత, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయ, పసుపు. పిండిన బొరుగులు అందులో పడగానే రెండుసార్లు తిప్పి దించేస్తుంది. పప్పుల పొడి పొయ్యి మీద ఉండగా వెయ్యదు, దించాకే చల్లుతుంది. అందుకే ఆ పొడి తడిసిపోకుండా పంటికి తగులుతుంది. ఎనిమిది దాటి పోతే మాత్రం చల్లారిన గిన్నెలోది పెడతారు. నోరు తెరిచి వేడిగా కావాలని అడగండి, చేసి ఇస్తారు. అడక్కపోతే ఇవ్వరు.

ఇక పుస్తకం.

అది పుట్టింది 2022 మే 22న. అంతకుముందు నెలంతా కొట్టులో ఒకటే మాట, ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎంబాపె పారిస్ క్లబ్బు వదిలి స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ క్లబ్బుకు పోతున్నాడని. ఊరికే పుట్టిన మాట కాదు, పేరున్న విలేకరులే రాశారు, అంతా మాట్లాడుకున్నారు, ప్రకటనే తరువాయి అని. మా దగ్గర ఒక మాడ్రిడ్ అభిమాని ఉన్నాడు, మాడ్రిడాయన అంటాం. ఆడిటర్ ఆఫీసులో పని, తెల్లచొక్కా తప్ప వెయ్యడు. ఆ వారం ఆయన నడకే మారిపోయింది. శుక్రవారం సాయంత్రం అరకిలో మైసూర్‌పాక్ తెచ్చి అందరికీ పంచాడు, మాడ్రిడ్‌కు ఎప్పుడూ పోటీ అయిన బార్సిలోనా వాళ్లమని మాకు రెండేసి ముక్కలు ఎక్కువ పెట్టాడు. శనివారం రాత్రికి వార్త తిరగబడింది. పారిస్ స్టేడియంలో ఎంబాపె చొక్కా పట్టుకుని నిలబడ్డాడు, దాని మీద 2025 అని అంకె. ఒప్పందం ఇంకో మూడేళ్లని ప్రకటన. ఆ సంతోషంలో అదే రాత్రి మెట్జ్ జట్టు మీద మూడు గోల్స్ కొట్టాడు.

ఆదివారం కొట్టులో జరిగింది నేను వివరంగా చెప్పను. మిఠాయి తిన్న నోళ్లే ఎక్కువ మాట్లాడాయి. ఒక గ్లాసు పగిలింది. గ్లాసు పగిలే వరకు మామ ఏమీ అనలేదు. పగిలాక గల్లా కింద నుంచి కొత్త ఖాతా పుస్తకం ఒకటి తీసి స్కేలు పెట్టి గళ్లు గీశాడు.

మామకు ఫుట్‌బాల్ తెలీదు. ఆటగాళ్లందరూ ఆయనకు పిల్లోళ్లే. ఎంబాపె పిల్లోడు, మెస్సి గడ్డం పిల్లోడు. కానీ పుకారు అంటే ఏమిటో ఆయనకు తెలిసినంత మాకెవరికీ తెలీదు. కొట్టు పెట్టకముందు ఇరవై ఏళ్లు శెనక్కాయల మండీలో గుమాస్తా. ఫలానా ఊరి మిల్లు వాళ్లు లారీలు పంపిస్తాండారంట అని పొద్దున్నే ఒక మాట వదిలితే మధ్యాహ్నానికి బేరం ఎట్లా మారుతుందో కళ్లారా చూసినవాడు. ఎంబాపె సంగతి విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఆ పిల్లోనికి ఇప్పుడు జీతం పెరిగిందా, తగ్గిందా?"

"శానా పెరిగింది మామా."

"ఎవురు రాయించినారో నాకు తెలీదప్పా. మండీలో మాత్రం ఇంకో యాపారి ఉండాడంటేనే ఈ యాపారి గుడ్డ కింద ఇంకో యేలు పట్టుకుంటాడు."

మాలో కొందరికి ఆ మాట అర్థం కాలేదు. పాతకాలం సంతల్లో తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు కదా, ఆ సంగతి. ఆటగాళ్ల తరపున బేరమాడే ఏజెంటు అనేవాడు ఏం చేస్తాడో నేను ఎన్నో వ్యాసాలు చదివాను గానీ ఇంత తక్కువ మాటల్లో ఎక్కడా చదవలేదు.

పుస్తకంలో గళ్లు అయిదు: తెచ్చింది ఎవరు, చెప్పింది ఎవరు, చూసిందా విన్నదా, గడువు, తీర్పు. ఫలానావాడు ఫలానా క్లబ్బుకు ఖాయం అని కొట్టులో గొంతెత్తి అంటే చాలు, మామ పెన్ను తీస్తాడు. గడువులోగా నిజమైతే తెచ్చినవాడికి ఒక టీ, బజ్జీ ఉచితం. కాకపోతే ఆ పూట కొట్టులో ఎంతమంది ఉంటే అంతమందికీ వాడే టీ ఇప్పించాలి. రెండో గడిలో "వాట్సాప్‌లో వచ్చింది" అంటే మామ రాసుకోడు. "వాట్సాప్ అనేది మనిషి కాదు గదప్పా, మనిషి పేరు చెప్పు" అంటాడు. మొదటి వరస మాడ్రిడాయన పేరు మీదే పడింది, 9 టీలు.

దీనికి తర్వాత కథ ఒకటుంది. 2024 జూన్ 3న ఎంబాపె నిజంగానే రియల్ మాడ్రిడ్ వాడయ్యాడు, ఒప్పందంలో మూడో ఏడు అతని ఇష్టం, వద్దనుకున్నాడు కాబట్టి పాత క్లబ్బుకు కట్టే ట్రాన్స్‌ఫర్ రొక్కం కూడా లేకుండా. మాడ్రిడాయన ఆ సాయంత్రం తెల్లచొక్కా మీద సెంటు కొట్టుకుని వచ్చి, రెండేళ్ల కిందటి 9 టీల డబ్బు వాపసు ఇవ్వమన్నాడు. మామ పుస్తకం తిరగేసి గడువు గడి మీద వేలు పెట్టి చూపించాడు. "యాడాది దాటినాంక వచ్చిన వానకు పోయినేటి పంట పండుతాదా?" ఆ మాటకు ఆడిటర్ ఆఫీసు మనిషి కూడా ఎదురు చెప్పలేకపోయాడు.

మూడో గడి, అంటే చూసిందా విన్నదా అన్నది, మొదట్లో లేదు. లివర్‌పూల్ సార్ చెప్పిన ఒక కథ వల్ల వచ్చింది. సార్ ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతారు, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బుకు అభిమాని. 2009 జనవరిలో లండన్‌లో పేరున్న ఒక పత్రిక రాబోయే తారలు అని 50 మంది కుర్రాళ్ల జాబితా వేసింది. అందులో 30వ వాడు మసల్ బుగ్దువ్, మాల్దోవా దేశం, 16 ఏళ్లు, ఆర్సెనల్ క్లబ్బు కన్నేసిందని కూడా రాశారు. తీరా చూస్తే అటువంటి మనిషే ఈ లోకంలో లేడు. ఎవరో ఆకతాయి ఇంటర్‌నెట్‌లో అక్కడక్కడా ఆ పేరు చల్లిపెడితే, ఒకరిని చూసి ఒకరు ఎత్తుకుంటూ పోయారు. ఇది విని మామ చాలాసేపు నవ్వాడు. "లేని ఎద్దుకు పండ్లు ఎంచినారు గదప్పా!" అని, వెంటనే స్కేలు తీసి ఇంకో గీత గీశాడు.

కొట్టులో మా పండితుడు వేరే ఉన్నాడు. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల విదేశీ భాషల స్కూల్లో స్పానిష్ నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాడు. విలేకరి ఏది రాసినా వాడు మూలంలోకి పోయి చదువుతాడు. ఒకరోజు మేమందరం ఫలానావాడి సంతకం అయిపోయిందని ఎగురుతుంటే, వాడు ఫోన్ పైకెత్తి ఒక మాట మీద వేలు పెట్టాడు. పోద్రియా. అంటే రావచ్చు, కావచ్చు అని అర్థమట. స్పెయిన్ విలేకరి రాసింది "రావచ్చు" అని. దాన్ని ఇంగ్లీషులో ఎవరో "రావడానికి దగ్గరపడ్డాడు" చేశారు. మన తెలుగు యూట్యూబ్ బొమ్మ మీదికి వచ్చేసరికి "వచ్చేశాడు", పక్కన మూడు నిప్పు గుర్తులు. అంత దూరం ప్రయాణంలో పడిపోయింది ఆ ఒక్క చ్చు మాత్రమే. ఆరోజు నుంచి పోద్రియా మా కొట్టు మాట అయిపోయింది. కరెంటు వస్తుందా అని అడిగితే మామ "పోద్రియా" అంటాడు. బజ్జీ వేడిగా ఉందా అని అడిగినా అదే జవాబు. విలేకరులను తిట్టడం నేనూ బాగానే చేసేవాణ్ణి గానీ, ఆ రోజు తర్వాత కొంచెం తగ్గించాను. ఆయన రాసిన చ్చును మధ్యలో మింగినవాళ్లలో నేనూ ఉన్నా కదా.

నా పేరు మీద ఆ పుస్తకంలో మూడు వరసలున్నాయి. మూడూ తప్పిన వరసలే. ఈ కొట్టులో నా కంటే ఎక్కువ టీలు పోయించినవాడు లేడు కాబట్టి, రివ్యూ రాసే హక్కు నాకే ఎక్కువ.

ముందు నేను బార్సిలోనా వాణ్ణి ఎట్లా అయ్యానో చెప్పాలి. మాది కూడేరు దగ్గర పల్లె. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ పెట్టారు, ఆయన పుట్టింది బార్సిలోనాలో. మా పల్లెలో చానామంది పిల్లలకు లాగే నాకూ స్పెయిన్‌లో ఒక స్పాన్సర్ కుటుంబం ఉండేది. నేను గీసిన గుడిసె బొమ్మలు వాళ్లకు పోయేవి, వాళ్ల పోస్టుకార్డులు నాకు వచ్చేవి. ఒక కార్డు మీద గిన్నెలాంటి స్టేడియం, నిండా జనం. అది బార్సిలోనా క్లబ్బు స్టేడియం క్యాంప్ నౌ అని నాకు తెలిసింది పదేళ్ల తర్వాత. అప్పటిదాకా అది వాళ్ల ఊరి సంత అనుకున్నా. ఈ ఊళ్లో నాలాంటి బార్సిలోనా వాళ్లు ఇంకా ఉన్నారు. మమ్మల్ని చూసి బెంగళూరు వాళ్లు ఆశ్చర్యపోతే నాకు నవ్వొస్తుంది.

మొదటి వరస 2023 జూన్ 5. మెస్సి పారిస్ వదిలేశాడు, సౌదీకి పోతాడని కొందరు, తిరిగి బార్సిలోనాకే వస్తాడని కొందరు. ఆ రోజు మెస్సి నాయన స్వయంగా బార్సిలోనా అధ్యక్షుడు లపోర్తా ఇంటికి పోయి, బయటికొచ్చి, మావాడికి తిరిగి రావాలనే ఉంది అని విలేకరుల ముందే అన్నాడు. నేను కొట్టులోకి పరుగెత్తాను. మామ అడిగాడు, "ఎవురు చెప్పినారప్పా? చూస్తివా, వింటివా?" "నాయనే చెప్పినాడు మామా, వీడియో ఉంది" అన్నా గర్వంగా. నాయనే చెప్పినాడంటే ఇంకేముంది అని మామ కూడా అండర్‌లైన్ గీసి రాశాడు. రెండు రోజులు ఆగాక మెస్సి తన నోటితోనే చెప్పాడు, అమెరికాలోని మయామీకి పోతున్నానని. 16 టీలు. స్పానిష్ కుర్రాడు నన్ను ఓదార్చడానికి ఇంకో సంగతి చెప్పాడు. 2017 జులై 23న నెయ్‌మార్ బార్సిలోనాలోనే ఉంటాడని అదే జట్టువాడు పికె ఇద్దరి ఫోటో పెట్టి "సె కేదా" అని రాశాడు. అంటే ఉండిపోతాడు అని. సరిగ్గా 11 రోజులకు నెయ్‌మార్ 22.2 కోట్ల యూరోలకు పారిస్‌కు పోయాడు. పక్కన కూర్చుని బూట్లు కట్టుకునే స్నేహితుడికే తెలియనిది మనకెట్లా తెలుస్తుందన్నా, అన్నాడు. ఓదార్పు బాగానే ఉంది, 160 రూపాయలు మాత్రం నావే పోయాయి. అప్పట్లో టీ పది.

రెండోదీ మూడోదీ ఒకే పిల్లోడి మీద. నికో విలియమ్స్. అథ్లెటిక్ బిల్బావో ఆటగాడు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లో పెరిగినవాళ్లో తప్ప ఇంకెవరూ ఆడకూడదన్న పట్టుదల ఉన్న క్లబ్బు అది. 2024 జులై 14న బెర్లిన్‌లో యూరో కప్ ఫైనల్, స్పెయిన్ తరపున ఇంగ్లండ్ మీద మొదటి గోల్ వీడిదే, బంతి అందించింది మా లమీన్ యమాల్. ఇద్దరూ కలిసి చిందులేసిన వీడియోలు నేను ఎన్నిసార్లు చూశానో మా ఆవిడను అడగండి. ఇద్దరినీ ఒకే చొక్కాలో ఊహించుకోని బార్సా అభిమాని ఆ వేసవిలో ఉండడు. విలేకరులు రాశారు, నేను తెచ్చాను, మామ రాసుకున్నాడు. ఆగస్టు అయిపోయింది, నికో ఎక్కడికీ పోలేదు. 11 టీలు.

ఏడాది తిరిగింది. 2025 జూన్‌లో అదే పేరు, అదే క్లబ్బు, అవే ఫోటోలు. ఈసారి నేను నోరు కట్టుకుని కూర్చున్నా. కానీ రోజుకొక విలేకరి ఒక మెట్టు ఎక్కించాడు. జీతం మాట అయింది, ఎన్నేళ్లో తేలింది, ఏజెంటు బార్సిలోనాలో దిగాడు. డాక్టరు గది బయట కూర్చుని ఇవన్నీ చదువుతుంటే నా నంబరు పిలిచినా వినపడలేదు. సాయంత్రం స్పానిష్ కుర్రాణ్ణి అడిగాను, ఈసారి కూడా పోద్రియానేనా? వాడు చదివి చదివి, "లేదన్నా, ఈ రోజు ఆ మాట లేదు" అన్నాడు. అంతే, నేను లేచి నిలబడ్డా. మామ కళ్లద్దాల పైనుంచి చూసి, "పోయినేడు రాసిన పిల్లోడే కదప్పా?" అని ఒకసారి అడిగాడు. "రాసుకో మామా" అన్నా. "రాసుకో అంటివి, రాస్తాండా. మళ్లా నన్ను అనగూడదు."

జులై 4, శుక్రవారం. నేను గుత్తి రోడ్డులో ఒక క్లినిక్ బయట ఉన్నా. అథ్లెటిక్ క్లబ్బు ప్రకటన వచ్చింది, నికో 2035 దాకా మా దగ్గరే అని. ఇంకో పదేళ్లు! అతన్ని కొనాలంటే కట్టాల్సిన రిలీజ్ క్లాజ్ సొమ్మును కూడా పాతదాని మీద సగానికి పైగా పెంచేశారు. గుడ్డ కింద ఇంకో వేలు అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం కొట్టుకు పోకుండా ఇంటికి పోదామనుకున్నా. పోలేదు, బండి తిరిగేసింది. సందు మొదట్లోనే వేపచెట్టు కింద జనం కనిపించారు. మామూలుగా పదిమంది ఉండే చోట 19 మంది. సెంట్రల్ యూనివర్సిటీలో చదివే మలయాళీ అబ్బాయి ఇద్దరు స్నేహితులను కూడా వెంటపెట్టుకుని వచ్చాడు. వాడు అర్జెంటీనా వాడు, నికోతో వాడికేం పని? నేను బండి స్టాండు వేసేదాకా ఒక్కరూ మాట్లాడలేదు. నేను కూర్చోడానికి వంకర కాలు స్టూలు ఖాళీగా పెట్టారు. మాడ్రిడాయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా, "సె కేదా" అన్నాడు. అప్పుడు పేలింది నవ్వు. అత్త కూడా గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

టీలు తిరుగుతుండగా మాడ్రిడాయన ఆరు బజ్జీలు కూడా నా ఖాతాలో చెప్పాడు. ఇక్కడ గొడవయింది. నేను రూలు చూపించమన్నా. మామ పుస్తకం మొదటి పేజీ తీసి గట్టిగా చదివాడు: తప్పితే టీ. బజ్జీ అని ఎక్కడా లేదు. "పుకారులోకి బజ్జీ రాదు" అని తీర్పు. బజ్జీల డబ్బు మాడ్రిడాయనే కట్టాడు, కట్టేటప్పుడు జీఎస్టీ గురించి ఏదో గొణిగాడు. నాకు 228 రూపాయలు పోయినా ఆ తీర్పు ఇప్పటికీ తీపిగానే ఉంది.

నికో ఎందుకు రాలేదో లివర్‌పూల్ సార్ చెప్పారు. స్పెయిన్ లీగులో ఒక్కో క్లబ్బు జీతాలకు ఇంత అని హద్దు ఉంటుంది. 2021లో మెస్సి వెళ్లిపోవాల్సి వచ్చింది కూడా దానివల్లే. బార్సిలోనా డాని ఓల్మోను కొని, మొదటి సగం సీజను వరకే పేరు నమోదు చేయించగలిగింది. 2025 జనవరిలో లీగు ఒప్పుకోకపోతే ప్రభుత్వ క్రీడా మండలి తాత్కాలిక ఉత్తర్వుతో గట్టెక్కింది. ఇదంతా చూసిన నికో తరపువాళ్లు నమోదుకు హామీ అడిగారని పత్రికలు రాశాయి. మామ వింటూ గ్లాసులు కడుగుతున్నాడు. "అంటే పెండ్లయింది గానీ రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదు. అట్లాంటింటికి ఇంకో పిల్లను ఎవురిస్తారప్పా?" సార్ సుద్దముక్క లేని చెయ్యి గాల్లోనే ఆపేశారు.

అందరూ నాలాగే ఓడిపోతారని కాదు. 2025 సెప్టెంబర్ 1న, ఆటగాళ్లు క్లబ్బు మారే గడువు, అంటే విండో, మూసే రాత్రి సార్ పేరు మీద రెండు వరసలుండేవి, రెండూ లివర్‌పూల్‌వే. ఇసాక్ వస్తాడు, గుయెహి వస్తాడు. అంతకుముందు ఎక్కువగా ఇంగ్లండ్ వేసవి విండో మన టైముకు తెల్లవారుజామున మూడున్నరకు మూసేవారు, ఆ ఏడు ముందుకు జరిపి మనకు రాత్రి పదకొండున్నరకే మూశారు. అందుకని మామ షట్టరు సగం దించి మమ్మల్ని లోపలే ఉండనిచ్చాడు. బయట వినాయకుడి పందిట్లో డీజే మోగుతూనే ఉంది. ఇసాక్ న్యూకాజిల్ నుంచి 12.5 కోట్ల పౌండ్లకు వచ్చేశాడు, బ్రిటన్ క్లబ్బు ఒకటి ఒక ఆటగాడి మీద అంత పెట్టడం అదే మొదలు. గుయెహి మెడికల్ దాకా, అంటే సంతకం ముందు చేసే ఆరోగ్య పరీక్ష దాకా, పోయి ఆగిపోయాడు. అతని బదులు ఇంకొకడు దొరక్క క్రిస్టల్ ప్యాలెస్ వాళ్లు ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గారు. ఒకే రాత్రి, ఒకే క్లబ్బు, రాసింది అదే విలేకరులు. మెడికల్ దాకా పోయాక ఆగిపోతే ఆ రాసినవాణ్ణి ఏమని తిట్టాల? అప్పుడు మాడ్రిడాయన తన పాత పుండు విప్పాడు. 2015 ఆగస్టు 31న డిహెయా మాంచెస్టర్ నుంచి మాడ్రిడ్‌కు రావాల్సింది, కాగితాలు గడువులోగా చేరక ఆగిపోయాడు. ఆ రాత్రి తాను ధర్మవరం స్టేషన్‌లో ప్యాసింజర్ కోసం కూర్చుని ఏడ్చానని ఒప్పుకున్నాడు. సార్‌కు ఒక టీ, బజ్జీ ఉచితం. సార్ తరపున 13 టీలు.

ఇప్పుడు ఫిర్యాదులు. టీవీ శబ్దం పెంచితే కరకరమంటుంది, రెండేళ్లుగా చెబుతున్నాం. చేతులు కడుక్కునే చోట సబ్బు ఉండదు. తాగే నీళ్ల గ్లాసులకు ఒక్కోసారి ఎర్రగడ్డ వాసన. ఫోన్‌పే స్టిక్కరు అంటించారు గానీ రద్దీలో "చిల్లర ఈప్పా" అనే అంటారు. మ్యాచ్ ఉన్న రాత్రి మాటల్లో బూతులు దొర్లుతాయి, పిల్లలను తీసుకుపోయేవాళ్లు చూసుకోండి. ఆడవాళ్లు కూర్చుని తినే వీలు దాదాపు లేదు, పార్శిల్ కట్టించుకుని పోతారు. ఇది మాత్రం నాకు నిజంగా లోటుగానే అనిపిస్తుంది. ఉగ్గానికి అయిదుకు అయిదు, టీకి రెండున్నర, పుస్తకానికి ఎన్నిచ్చినా తక్కువే. మొత్తం మీద నాలుగు వేసుకోండి.

పోయిన వారం గ్రౌండ్ నుంచి ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు వచ్చారు, బురద బూట్లు చేతిలో పట్టుకుని. ఆర్డీటీ వాళ్ల పుణ్యమా అని ఈ జిల్లాలో అమ్మాయిలు బంతి తన్నడం ఎవరికీ వింత కాదు. ఉగ్గాని పార్శిల్ కోసం నిలబడి, మేము జనవరిలో ఎవరు ఎక్కడికి పోతారో కొట్టుకుంటుంటే కాసేపు విన్నారు. పొట్టి అమ్మాయి అడిగింది, "అన్నా, మీలో ఎవరన్నా ఆడతారా?" సార్ దగ్గారు. మాడ్రిడాయన ఫోన్ చూసుకున్నాడు. నేను టీ గ్లాసులోకి చూశా.

ఆ అమ్మాయే మామ వైపు తిరిగి, "తాతా, నాదీ ఒకటి రాసుకో. శనివారం జిల్లా టీం సెలెక్షన్‌లో నేనుంటా" అంది. మామ పెన్ను తీశాడు. తెచ్చింది ఎవరు గడిలో రాసుకుని, తలెత్తకుండానే అడిగాడు.

"ఎవురు చెప్పినారమ్మా?"

"నేనే."

మామ కొంచెంసేపు ఆగి, రెండో గడిలో కూడా అదే రాశాడు. మూడో గడిలో ఏం రాయాలో తెలీక ఒక గీత పెట్టాడు. శనివారం నాకు కదిరిలో క్యాంపు ఉంది. ఆదివారం సాయంత్రం పోయి తీర్పు గడి చూడాలి.